పిడికెడు బియ్యం, సరైన తూకం

సంపాదకులకు నమస్కారం.

తెనాలి దగ్గర పల్లెలో ఇరవై రెండేళ్లుగా కిరాణా కొట్టు నడుపుతున్నాను. దొంగత్రాసు దేవుడికి అసహ్యమన్న బైబిలు సామెతల గ్రంథంలోని మాట కాటా పక్కనే గోడకు రాసి అంటించుకున్నాను. పోయిన ఏడాది ఆ కాటా పాడై కిలోకు ఇరవై గ్రాములు తక్కువ తూగింది. రెండు రోజుల తర్వాత గానీ నాకు తెలియలేదు. ఒకటే టెన్షన్. ఖాతా పుస్తకం ముందేసుకుని, పంచదార, కందిపప్పు తీసుకెళ్లిన ఇళ్లన్నీ తిరిగి తగ్గింది ఇచ్చి వచ్చాను. ఆదివారం ఆరాధనలో ఎన్ని పాటలు పాడినా, ఆ తిరుగుడే నాకు అసలైన ప్రార్థన అనిపించింది.

మా అమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు దేవుని పేరున ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910 నుంచి ఇలాగే తీసి సంఘానికి ఇస్తున్నారు. మా వీధిలో నలుగురం ఆ డబ్బా మళ్లీ మొదలుపెట్టాం. నెలకు పోగైన బియ్యం ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మకు ఇస్తున్నాం. ఆవిడ చర్చికి వెళ్తుందా, గుడికి వెళ్తుందా అని ఎవరూ అడగలేదు.

ఇంకొక మాట. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వాడకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పదో తరగతి పరీక్షలప్పుడు పక్కింటి పిల్లల్ని చదువుకోనివ్వడం కూడా పొరుగువాణ్ని ప్రేమించడమే. పాస్టర్లు ఈ సంగతి సంఘాల్లో చెప్పాలని వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, తెనాలి మండలం