తూటా చవకో కాదో పెట్టె మీద తేలదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. పిస్టల్ షూటింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం గత ఆదివారం మీ క్రీడల పేజీలో వేసిన వ్యాసం చదివాను. బాగుంది, ఒక్క మాట తప్ప. ప్రాక్టీసుకు దొరికినవాటిలో అన్నిటికన్నా చవక తూటాలు చాలు, మంచివి పోటీ రోజుకు దాచుకోండి అన్నారు. ఆ మాట నేనూ మొదట్లో విన్నాను. విని, నమ్మి, ఏడాదిన్నర పాటించాను కూడా. అందుకే ఈ ఉత్తరం.

షూటర్‌ని అని చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కాస్త సిగ్గే. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఖాతాల విభాగంలో జమాఖర్చులు రాశాను. రిటైరయ్యాక అమ్మాయికి తోడుగా క్లబ్బుకు వెళ్ళడం మొదలైంది. అది చదువుల్లో పడి మానేసింది, నేను మానలేకపోయాను. లైసెన్సూ, క్లబ్బు సభ్యత్వమూ, కోచ్ చీవాట్లూ అన్నీ అయ్యాకే తూటా చేతికొచ్చింది. నా ఆట 25 మీటర్ల పిస్టల్. వాడేది పాయింట్ టూటూ లాంగ్ రైఫిల్ తూటా, అంటే 5.6 మిల్లీమీటర్లది. పేరులో రైఫిల్ ఉన్నా పిస్టల్‌కీ అదే. నా స్కోర్లు గొప్పవేమీ కావు. కానీ లెక్క రాసే అలవాటు పోలేదు. కొన్న ప్రతి కట్టకూ నా నోట్‌బుక్‌లో ఒక పేజీ ఉంటుంది: తయారీదారు, లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవాటికి వేసే గుర్తు), కాల్చినవి, పేలనివి, ఇరుక్కున్నవి.

ఆ పేజీల్లో ఒకటి చెబుతాను. పది పెట్టెల కట్ట, మొత్తం 500 తూటాలు. అంతకు ముందు వాడినదానికంటే ఎనిమిది శాతం తక్కువకు దొరికాయి. బేరం కుదిరిందని సంబరపడ్డాను. వాటిలో పేలనివి పన్నెండు. అయిదొందల్లో పన్నెండంటే రెండున్నర శాతం కూడా కాదు కదా, ఎనిమిది తగ్గినప్పుడు ఇంకా లాభమేగా అని ఎవరైనా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

కానీ మా ఆటలో తూటాలు ఒక్కొక్కటిగా లెక్కకు రావు. రాపిడ్, అంటే వేగంగా కాల్చే విభాగంలో అయిదు షాట్లు ఒక సిరీస్. టార్గెట్ మూడు సెకన్లు ఎదురుగా ఉంటుంది, ఏడు సెకన్లు మాయమవుతుంది, మళ్ళీ మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో చెయ్యి లేపి, గురి కుదుర్చుకుని, ట్రిగ్గర్ నొక్కాలి. ఆ లయే అసలు ప్రాక్టీసు. మూడో షాట్ పేలకపోతే లయ తెగిపోతుంది. మిగతా రెండూ కాల్చినా అవి లెక్కలోకి రావు, మొదటి రెండూ దండగే. పేలని పన్నెండూ పన్నెండు వేరువేరు సిరీస్‌లలో పడ్డాయి. పన్నెండైదులు అరవై. అయిదొందల్లో అరవై అంటే పన్నెండు శాతం. ఎనిమిది మిగిలిందని సంబరపడినచోట పన్నెండు పోయింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ పన్నెండిటినీ ఒక డబ్బాలో వేసి కోచ్‌కి చూపించాను. ఆయన భూతద్దం తెచ్చుకుని ఒక్కొక్కదాన్నీ అంచు వైపు తిప్పి చూశారు. ఫైరింగ్ పిన్ను కొట్టిన చోట చిన్న గాటు పడుతుంది. తొమ్మిదిటికి గాటు లోతుగా ఉంది. మూడింటికి మాత్రం పైపైన గీరినట్టుంది. ‘ఈ మూడూ పెట్టె తప్పు కాదు మేడమ్, మీ పిస్టల్‌ది. ఛాంబర్ ఎప్పుడు కడిగారు?’ అన్నారు. ఛాంబర్ అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటు. ఎప్పుడు కడిగానో గుర్తు రాలేదు. ఈ తూటాల గుండుకు మైనం లాంటి పూత ఉంటుంది. ఆ మైనం, సీసం పొడి, కాలిన మందు కలిసి ఛాంబర్‌లో ఒక వలయంలా పేరుకుపోతాయి. తూటా పూర్తిగా లోపలికి కూర్చోదు. పిన్ను దెబ్బ దాన్ని ముందుకు తొయ్యడానికే సరిపోతుంది, పేల్చడానికి మిగలదు. ఆ మూడూ తీసేసినా తొమ్మిదైదులు నలభై ఐదు. ఇంకా తొమ్మిది శాతం, ఎనిమిది కంటే ఎక్కువే. సమయం లెక్క ఇందులో వెయ్యలేదు. పేలని ప్రతిసారీ పిస్టల్‌ని టార్గెట్ వైపే ఉంచి ముప్ఫై సెకన్లు ఆగాలని మా రేంజ్ నియమం, ఎందుకంటే కొన్ని ఆలస్యంగా పేలతాయి.

మరి ఆ తొమ్మిదీ ఎందుకు పేలలేదు? ఈ తూటా అడుగున సన్నని అంచు ఉంటుంది, లోపల బోలు. నిప్పు రాజేసే మందును తడిగా ఉన్నప్పుడే కేసులో, అంటే తూటా తొడుగులో వేసి, గిర్రున తిప్పి, ఆ అంచు సందుల్లోకి పాకిస్తారు. ఎక్కడైనా మందు పాకకుండా ఖాళీ మిగిలి, సరిగ్గా అక్కడే పిన్ను కొడితే ఏమీ జరగదు. బయటికి తీసి కాస్త తిప్పి మళ్ళీ పెడితే చాలాసార్లు పేలుతుంది. తొమ్మిది మిల్లీమీటర్ల తూటాలో ఆ మందు అడుగున నడిమధ్య ఒక చిన్న గిన్నెలో విడిగా ఉంటుంది కాబట్టి ఈ తంటా తక్కువ. చవకదనం పాయింట్ టూటూలో ఎక్కడ బయటపడుతుందంటే ఈ అంచులోనే.

పేలకపోవడంలో ఒక మేలూ ఉందని కోచ్ అంటారు, నిజమే. తూటా పేలనప్పుడు శబ్దం ఉండదు, కుదుపు ఉండదు, మన చెయ్యి చేసే దొంగపని కనిపిస్తుంది. నాకు ట్రిగ్గర్ నొక్కే క్షణంలో పిస్టల్ ముక్కు కిందికి వాలేది. అది నాకు తెలిసింది అలాంటి తూటా వల్లే. కానీ దానికోసం మందు లేని డమ్మీ తూటాలున్నాయి. కోచ్ మనకు తెలియకుండా మ్యాగజైన్‌లో, అంటే పిస్టల్ తూటాల అరలో ఒకటి కలిపి పెడతారు. ఆ పాఠానికి చెత్త తూటాలు కొనక్కర్లేదు.

టెన్షన్ పెట్టింది ఇంకొకటి ఉంది. ఒకరోజు వరుసగా కాలుస్తుంటే ‘ఠప్’ మనాల్సింది ‘తుస్’ మంది. కుదుపు లేదు. స్లయిడ్, అంటే పేలిన ప్రతిసారీ వెనక్కి జరిగి ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం, పూర్తిగా వెనక్కి రాలేదు. నేను మామూలు ఇరుకే అనుకుని స్లయిడ్ లాగి తర్వాతి తూటా ఎక్కించాను. వేలు ట్రిగ్గర్ మీదికి పోతోంది. వెనక నుంచి ‘ఆగండి మేడమ్, ఆగండి!’ అని కేక. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ చేసి, కోచ్ ఇత్తడి కడ్డీ ఒకటి గొట్టంలోకి దించారు. కడ్డీ మధ్యలో ఆగింది. మందు తక్కువ పడ్డ తూటా తాలూకు సీసపు గుండు అక్కడే కూర్చుంది. దాని వెనక ఇంకొకటి పేల్చి ఉంటే గొట్టం ఉబ్బడమో పగలడమో జరిగేది. అది మంచి తూటాల్లోనూ ఎప్పుడో ఒకసారి రావచ్చు, కాదనను. కానీ నా నోట్‌బుక్‌లో అది కూడా ఆ చవక పేజీలోనే ఉంది. మీ వ్యాసంలో ఈ ‘తుస్’ గురించి ఒక్క వాక్యమన్నా ఉండాల్సింది. శబ్దం తేడాగా వస్తే ఆగి గొట్టం చూసుకోవాలని కొత్తవాళ్ళకు ముందు చెప్పవలసిన మాట అదే.

అలాగని అందరూ అన్నిటికన్నా ఖరీదైన మ్యాచ్ తూటాలే కొనమని నేననడం లేదు. అదీ లెక్క కట్టి చూశాను. పిస్టల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, 25 మీటర్ల దూరంలో, మూడు రకాలతో పదేసి షాట్లు చొప్పున కాల్చాను. పూత మారినప్పుడు గొట్టం దానికి అలవాటు పడాలి కాబట్టి రకం మార్చిన ప్రతిసారీ మొదటి పది పన్నెండు షాట్లు లెక్కలో వెయ్యలేదు. చవకవాటికి 61 మిల్లీమీటర్ల గ్రూప్ వచ్చింది, అంటే పది చిల్లులూ పరుచుకున్న వెడల్పు. మధ్యరకం 37. మ్యాచ్‌వి 33. ప్రెసిషన్, అంటే నిదానంగా కాల్చే విభాగం టార్గెట్‌లో పది మార్కుల వలయం వెడల్పు 50 మిల్లీమీటర్లు. అంటే గురి తప్పకపోయినా చవకవాటితో తొమ్మిది పడొచ్చు, అది నా తప్పో తూటా తప్పో నాకు తెలియదు. తెలియకపోతే ప్రాక్టీసు దేనికి? మధ్యరకానికీ మ్యాచ్‌వాటికీ ఉన్న నాలుగు మిల్లీమీటర్లు మాత్రం ఒంటిచేత్తో నిలబడి కాల్చినప్పుడు నాకు కనిపించనే లేదు. నా చేతి వణుకు ముందు అదెంత.

ఆ మధ్యరకం అంటే పెట్టె మీద స్టాండర్డ్ వెలాసిటీ అని రాసి ఉండేది. 40 గ్రెయిన్ల గుండు, అంటే సుమారు 2.6 గ్రాములు. వేగం సెకనుకు 1,070 అడుగుల దరిదాపు, ధ్వని వేగం కంటే కాస్త తక్కువ. ఆ అంకె సాధారణంగా రైఫిల్ గొట్టంతో కొలిచింది, పొట్టి పిస్టల్ గొట్టంలో ఇంకా తగ్గుతుంది. సీసీఐ, ఈలీ, ఎస్‌కే లాంటి పేరున్న తయారీదారులందరి దగ్గరా ఈ తరగతి ఉంది. హై వెలాసిటీ అని పెద్దక్షరాలతో ఉన్నది ఎక్కువ బలమైనది కదా మంచిదేమో అని కొత్తవాళ్ళు పొరబడతారు. కాగితానికి చిల్లి పెట్టడానికి ఆ బలం అక్కర్లేదు, కుదుపు మాత్రం మిగులుతుంది. చాలా టార్గెట్ పిస్టళ్ళ మాన్యువల్‌లోనే స్టాండర్డ్ వాడమని ఉంటుంది. కొనేముందు ఆ పేజీ చూసుకుంటే చాలు. అలాగని మరీ నెమ్మదివి కొంటే స్లయిడ్ పూర్తిగా వెనక్కి రాక ఖాళీ కేసు నోట్లో ఇరుక్కుంటుంది.

డబ్బాలో విడిగా పోసి అమ్మేవాటిమీద నాకు నమ్మకం తక్కువ. గుండు మెత్తటి సీసం, ఒకదానికొకటి కొట్టుకుని ముక్కులు చదునవుతాయి. గళ్ళ పెట్టెలో నిలబెట్టినవి అలా కావు. అంచు మందం కొలిచి తూటాలు వేరుచేసే ఓపికమంతులూ ఉన్నారు. నేనూ రెండు సాయంత్రాలు కొలిచాను. పిస్టల్‌కి ఆ శ్రమ దండగ అనిపించి మానేశాను.

ఇంకో సంగతి, పక్క లేన్ వాళ్ళు బాగున్నాయన్నారని కట్ట కట్టా కొనకండి. మా క్లబ్బులోనే ఒకావిడ పిస్టల్‌లో వెన్నలా నడిచే తూటాలు నా దాంట్లో ప్రతి మ్యాగజైన్‌కూ ఒకసారి ఇరుక్కునేవి. ఒకటి రెండు పెట్టెలు తెచ్చి సొంత పిస్టల్‌లో కాల్చి చూసి, నడిస్తే అదే లాట్ నంబరుతో ఆరు నెలలకు సరిపడా తీసుకోవడం నా పద్ధతి. ఒకే పేరున్న పెట్టెలైనా లాట్ మారితే గ్రూప్ మారడం చూశాను. చల్లగా పొడిగా ఉన్న చోట, తాళం వేసి దాచుకుంటే ఆరు నెలలేమిటి, ఏళ్ళ తరబడి చెడవు.

తొమ్మిది మిల్లీమీటర్లు కాల్చేవాళ్ళ గురించి నాకు తెలిసింది తక్కువే. వాళ్ళు ప్రాక్టీసుకు 115, 124 గ్రెయిన్ల గుండ్లు వాడతారు. ఉక్కు కేసువి చవక, కానీ కొన్ని రేంజ్‌లలో రానివ్వరు. గుండులో ఉక్కు ఉందేమోనని అయస్కాంతం పెట్టి చూస్తారు. కాల్చిన కేసుల్లో మళ్ళీ మందు నింపి ఎవరో ఇస్తే మాత్రం, ఎంత తెలిసినవాళ్ళయినా తీసుకోవద్దు. ఎంత మందు పోశారో పైకి కనపడదు.

మీ వ్యాసకర్తకు నాదొక విన్నపం. వచ్చే వ్యాసంలో చవక అనే మాట రాసేటప్పుడు నూటికి ఎన్ని పేలాయో కూడా పక్కన రాయించండి. పేలని తూటాలను ఇంటికి తెచ్చుకోకుండా, చెత్తబుట్టలో పడెయ్యకుండా రేంజ్ ఆఫీసర్‌కి అప్పజెప్పాలని కూడా చేరిస్తే మంచిది. నా డబ్బాను ఆయనే మొన్న తీసేసుకున్నారు.

ఇప్పుడు వాడుతున్న లాట్‌లో నిన్నటికి 1,150 కాల్చాను. పేలనివి రెండు. రెండోదాని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను, అంచు మీద గాటు లోతుగా లేదు. మళ్ళీ ఛాంబర్ కడగాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంటెంట్
(పేరు వెయ్యవద్దని మనవి. నేను పిస్టల్ పట్టుకుంటానని మా పాత ఆఫీసులో ఎవరికీ తెలియదు.)