మన సంఘం వార్షిక నివేదిక, 2025-26

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది. ఆ నియమం లేకపోయినా ఈసారి రాసేవాణ్ణి, ఎందుకంటే ఈ ఏడాది ఏం పని జరిగిందో మీలో సగానికి సగం మందికి తెలియదు. బాలానగర్ చిన్న యూనిట్ల వాళ్లం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కాబట్టి అది మళ్లీ రాయడం లేదు.

ముందు కృతజ్ఞతలు. అన్ని యూనిట్ల కరెంటు, ఇంధన బిల్లులు ముందేసుకుని లెక్కగట్టిన బిల్లుల రోజున రెండు లేత్ మిషన్లు పక్కకు జరిపించి తన షెడ్డు మొత్తం ఖాళీ చేసిచ్చిన గాంధీనగర్ సభ్యుడికి, పైసా ఫీజు తీసుకోకుండా పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కూర్చున్న ఎనర్జీ ఆడిటర్ గారికి, లాప్‌టాపులు పట్టుకుని వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులకు, ఇడ్లీలు, టీలు చూసుకున్న మన వాచ్‌మన్ దంపతులకు, అర్జీలన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ టైపు చేయించిన జాయింట్ సెక్రటరీ గారికి, హీట్ ట్రీట్‌మెంట్ యూనిట్ నడుపుతూ కూడా ప్రతి మీటింగుకూ వచ్చిన మేడం గారికి. ఈవిడ ఒక్క మీటింగు కూడా తప్పలేదు. ఆ పక్క షెడ్డు నుంచి నడిచి రావాల్సిన వాళ్లు మాత్రం రాలేదు.

ఇక అసలు విషయం. ఈ ఏడాది మన పనిలో ఎక్కువ భాగం కార్బన్ చుట్టూనే తిరిగింది. నాలుగేళ్ల కింద ఎవరైనా ఈ మాట అంటే నేనూ నమ్మేవాణ్ణి కాదు. మన బాధలు కరెంటు కోతలు, పేమెంట్లు, లేబరు. ఉమ్మడి రాష్ట్రంలో పవర్ హాలిడేల రోజుల్లో షెడ్లు మూసుకుని కూర్చున్నవాళ్లం మనం, వాతావరణం గురించి మాట్లాడేది ఎక్కడో పెద్దవాళ్లనుకున్నాం. కానీ డిసెంబరులో ఒక రాత్రి పదింటికి ఫాస్టెనర్లు చేసే మన సీనియర్ సభ్యుడు ఫోన్ చేశారు. ఆయన బోల్టులు ఒక ఎక్స్‌పోర్టర్ ద్వారా జర్మనీ వెళ్తాయి. అక్కడ కొనేవాళ్లు ఒక ఎక్సెల్ ఫారం పంపారట, టన్ను బోల్టులకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో నింపమని. ఇన్నేళ్లలో థ్రెడ్డు, హార్డ్‌నెస్, ప్లేటింగ్ మందం తప్ప ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఆర్డరు పోతుందేమోనని చాలా టెన్షన్ పడ్డారు.

దాని పేరు సీబామ్. యూరప్ వాళ్ల కార్బన్ సుంకం. 2023 అక్టోబరు నుంచి వివరాలు మాత్రమే అడిగేవాళ్లు, 2026 జనవరి 1 నుంచి డబ్బుతో ముడిపడింది. ఇనుము ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు దీని కిందికి వస్తాయి. ఇది స్టీలు ప్లాంట్ల గొడవ, మనకెందుకు అని మన కార్యవర్గంలోనే అన్నవాళ్లున్నారు. కానీ ఆ ఉక్కు జాబితాలో 7318 కస్టమ్స్ కోడ్ కింద బోల్టులు, నట్లు, స్క్రూలు కూడా ఉన్నాయి. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే, అయితే ఆ భారం రేటు బేరంలో ఎవరి మీద పడుతుందో వ్యాపారం చేసే మీకు చెప్పక్కర్లేదు.

అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఉక్కు వస్తువులకు వాళ్లు మన కరెంటు బిల్లును లెక్కలోకి తీసుకోరు, మన షెడ్డులో నేరుగా కాల్చే ఇంధనాన్ని చూస్తారు, దానికి తోడు మనం కొన్న ముడిసరుకు తయారీలో వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుతారు. బోల్టులు చేసే చిన్న యూనిట్లో మనం కాల్చేది కొంచెమే. భారమంతా మన ముడిసరుకైన వైర్ రాడ్‌లో ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో చేసిన టన్ను ఉక్కుకు 2 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, స్క్రాప్ కరిగించి చేసినదానికి చాలా తక్కువ. అంటే మన సభ్యుడు తన షెడ్డులో ఎంత పొదుపు చేసినా, ఆ రాడ్ ఏ మిల్లుదో, ఏ పద్ధతిలో చేసిందో కాగితం లేకపోతే ఆయన కష్టం లెక్కకు రాదు. అసలు లెక్క లేకపోతే వాళ్లే ముందుగా పెట్టుకున్న అంకె, డిఫాల్ట్ విలువ, వేస్తారు, దాని మీద అదనంగా కలుపుతారు, అది ఏటేటా పెరుగుతుంది. మన డీలర్లు ఇచ్చేది టెస్ట్ సర్టిఫికెట్ ఒక్కటే, అందులో కార్బన్, మాంగనీస్ శాతాలు, బలం ఉంటాయి, పొగ లెక్క ఉండదు. ఆ అంకెను కూడా మిల్లులు టెస్ట్ సర్టిఫికెట్‌తో పాటే ఇచ్చేలా చూడమని పరిశ్రమల శాఖకు అర్జీ రాశాం. మన రాష్ట్రం చేతిలో అన్నీ ఉండవని తెలుసు, కానీ చిన్న యూనిట్ అడిగితే మిల్లు పలకదు, ప్రభుత్వం అడిగితే పలుకుతుంది.

ఇంకొక మాట, ఇది చాలామందికి ఊరట. ఒక దిగుమతిదారు ఏడాదికి 50 టన్నుల లోపు తెప్పించుకుంటే అతనికి ఈ బాధ్యత లేకుండా 2025లో సడలించారు. ఆ సీనియర్ సభ్యుడికి ఈ సంగతి చెప్పే దిక్కు లేక పది రోజులు నిద్రపోలేదు. చివరికి ఆయన దిగుమతిదారుది 50 టన్నులు దాటే వ్యవహారమే అని తేలింది, అది వేరే విషయం. కనీసం ఎక్కడ నిలబడ్డామో తెలిసింది.

ఆ ఫోన్ తర్వాతే బిల్లుల రోజు పెట్టాలని అనుకున్నాం. ఈ సంఘం చరిత్రలో ఇంత పనికొచ్చిన ఆదివారం నాకు గుర్తు లేదు. ఉపన్యాసాలు లేవు, శాలువాలు లేవు. ప్రతి యూనిట్ పన్నెండు నెలల కరెంటు బిల్లులు, డీజిల్ బిల్లులు, గ్యాస్ బిల్లులు సంచిలో వేసుకుని రావాలి, అంతే. విద్యార్థులు పక్కన కూర్చుని ఎక్కించారు. లీటరు డీజిల్ కాలిస్తే 2.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్, గ్రిడ్ నుంచి వచ్చే యూనిట్ కరెంటుకు సుమారు 0.7 కిలోలు, ఈ రెండు అంకెలు ఆ రోజు ఇరవై ఏళ్ల కుర్రాడి నుంచి డెబ్బై ఏళ్ల ఓనర్ దాకా అందరి నోళ్లలో నానాయి. సీబామ్ కరెంటు అడగకపోయినా ఎందుకు లెక్కించామంటే, ఇక్కడి పెద్ద కంపెనీలు అడుగుతున్నాయి. సెబీ నిబంధన వల్ల లిస్టెడ్ కంపెనీల్లో మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి పర్యావరణం, సామాజిక బాధ్యతల మీద బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి, వాళ్లు ఇప్పుడు తమ సప్లయర్ల వైపు చూస్తున్నారు. జాబ్ వర్క్ చేసుకునే మనకు కూడా ఆ ఫారాలు రావడం మొదలైంది.

కార్బన్ కోసం కూర్చుంటే డబ్బు కనిపించింది. హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షన్ ఉన్న ఒక సభ్యుడు కోవిడ్‌కు ముందు తీసుకున్న కాంట్రాక్ట్ డిమాండ్, అంటే కరెంటు కంపెనీతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు, అలాగే ఉంచుకున్నారు, వాడేది అందులో సగం కూడా లేదు. వాడినా వాడకపోయినా అందులో 80 శాతానికి డిమాండ్ ఛార్జీ పడుతుందని బిల్లు మీదే ఉంది, ఇన్నేళ్లు ఎవరూ చదవలేదు. డిమాండ్ తగ్గించమని ఆయన మర్నాడే అప్లికేషన్ పెట్టారు. తర్వాతి ఆదివారం ఆడిటర్ గారు మమ్మల్ని సబ్బునీళ్ల బాటిళ్లతో షెడ్లలోకి తీసుకెళ్లారు. మిషన్లన్నీ ఆపేసి కంప్రెసర్ ఒక్కటి నడుపుతూ, పైపుల జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు. సరిగా చూసుకోని షెడ్లలో కంప్రెసర్ గాలిలో 20 నుంచి 30 శాతం లీకుల్లోనే పోతుందని ఆయన చెప్పారు. బుడగలు చూసిన ఓనర్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకాయన అప్పటికప్పుడు స్పానర్ తెచ్చుకున్నారు.

ఆ బిల్లుల అంకెలు చేతిలో ఉన్నాయి కాబట్టే రాష్ట్ర విధానం మీద మనం గట్టిగా మాట్లాడగలిగాం. 2025 జనవరిలో తెలంగాణ క్లీన్ అండ్ గ్రీన్ ఎనర్జీ పాలసీ వచ్చింది, 2030 నాటికి కొత్తగా 20,000 మెగావాట్ల లక్ష్యం పెట్టారు. మంచిదే, మనస్ఫూర్తిగా స్వాగతించాం. అయితే మన షెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో చూడండి. షెడ్డు అద్దెది, కప్పు మనది కాదు, ఉన్న కప్పు సిమెంటు రేకులు, వాటి మీద ప్యానెళ్లు మోయించే ధైర్యం ఎవరికీ లేదు. పోనీ బయట నుంచి గ్రీన్ కరెంటు కొందామంటే, కేంద్రం 2022లో ఓపెన్ యాక్సెస్ (నచ్చిన ఉత్పత్తిదారు దగ్గర కరెంటు కొనుక్కునే వీలు) పరిమితిని 1 మెగావాట్ నుంచి 100 కిలోవాట్లకు దించింది, అది పెద్ద మార్పే, కానీ ఎల్‌టీ (లో టెన్షన్) కనెక్షన్ మీద నడిచే మనం ఆ గీత కూడా అందుకోలేం. మన సందులో ఎనిమిది షెడ్లు కలిపితే 100 కిలోవాట్లు సునాయాసంగా దాటుతుంది. పక్కపక్కన ఉన్న చిన్న యూనిట్లను ఒక గుంపుగా లెక్కించి గ్రీన్ కరెంటు కొనుక్కోనివ్వండి అని మనం అడిగింది అదే. సబ్సిడీ అడగలేదు. ఈ ఒక్క కోరిక ఒప్పుకుంటే చాలు, ఈ ఏడాది శ్రమకు ఫలితం దక్కినట్టే అని నా అభిప్రాయం.

ఈ అర్జీ తీసుకుని సంబంధిత కార్యాలయానికి నాలుగు సార్లు వెళ్లాం. మొదటిసారి అధికారి శ్రద్ధగా విన్నారు, అంకెలు చూసి నోట్ రాసుకున్నారు. రెండోసారికి ఆయన బదిలీ అయ్యారు. మూడోసారి కొత్తాయన రివ్యూ మీటింగులో ఉన్నారని మూడు గంటలు కూర్చోబెట్టి పంపేశారు. నాలుగోసారి ఫైలు కనబడలేదు, మళ్లీ కాపీ ఇచ్చి వచ్చాం. ఇది రాయడం వల్ల ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి, నాలుగు రోజులు షెడ్డు వదిలి తిరిగింది మనం. కరెంటు టారిఫ్ మీద విద్యుత్ నియంత్రణ కమిషన్ (ఈఆర్‌సీ)కి మాత్రం రాతపూర్వకంగా అభ్యంతరాలు దాఖలు చేశాం, విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం ప్రజల అభ్యంతరాలు పరిశీలించాకే కమిషన్ ఆర్డరు ఇవ్వాలి, ఆ హక్కు పెద్ద కంపెనీకి ఎంత ఉందో మనకూ అంతే ఉంది.

2025 నవంబరులో వచ్చిన హిల్ట్ పాలసీ, అంటే హైదరాబాద్ పారిశ్రామిక భూముల మార్పిడి విధానం, సంగతి వేరుగా చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) లోపల, దాని పక్కన ఉన్న పాత పారిశ్రామికవాడల్లో 9,200 ఎకరాలకు పైగా భూమిని ఇళ్లకూ ఆఫీసులకూ మార్చుకోవచ్చన్నారు. కాలుష్యం నగరం బయటికి వెళ్లాలన్నది చెప్పిన కారణం. పటాన్‌చెరు, బొల్లారం నీళ్లు ఏమయ్యాయో చూసినవాళ్లం, ఆ కారణాన్ని కాదనం. కానీ మార్పిడి ఫీజు కట్టి నిర్ణయం తీసుకునేది ప్లాటు ఓనరు. ఇక్కడ మిషన్లు నడిపేవాళ్లలో ఎక్కువ మంది అద్దెకున్నవాళ్లు. వాళ్లు ఎక్కడికి పోవాలి, ఫౌండేషన్ వేసి దింపిన ప్రెస్సు ఎత్తడానికి ఎంతవుతుంది, నలభై మంది వర్కర్లు కుత్బుల్లాపూర్ నుంచి ఓఆర్‌ఆర్ అవతలికి రోజూ ఎలా వెళ్లాలి? లేత్ మీద బుష్ తిప్పుకునే షెడ్డునూ రసాయనాల ఫ్యాక్టరీనీ ఒకే గాటన కట్టకండి, అద్దెదారులకు బయట ముందుగా షెడ్లు చూపించాకే కదపండి అని రాసిచ్చాం. దీని మీద మన సంఘంలోనే రెండు మాటలున్నాయి. ప్లాట్లున్న సభ్యులు కొందరు ఈ పాలసీని కోరుకుంటున్నారు, అది వాళ్ల హక్కు, వాళ్లతో గొడవ లేదు. కార్యవర్గం మాత్రం అద్దెదారుల పక్షాన నిలబడింది.

కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ వాళ్ల అడీటీ పథకం గురించి ఐదు మెసేజీలు పెట్టాను. పొదుపు చేసే మిషన్లకు లోన్ తీసుకుంటే సూక్ష్మ, చిన్న యూనిట్లకు వడ్డీలో 5 శాతం, మధ్య తరహా వాటికి 3 శాతం వాళ్లే భరిస్తారు. మొదటి విడతలో 14 రంగాలు, 60 క్లస్టర్లు. మనకు ఏది వర్తిస్తుందో కలిసి కూర్చుని చూద్దామంటే ముగ్గురు వచ్చారు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు పెట్టానని ఒకరు తప్పు పట్టారు. పొల్యూషన్ బోర్డు నోటీసు వస్తే మాత్రం అర్ధరాత్రి అయినా నా ఫోన్ మోగుతుంది. రండి, తప్పకుండా ఎత్తుతాను, కానీ నోటీసు రాకముందు కూడా ఒక గంట ఇవ్వండి. సబ్ కమిటీలో పేరు ఇచ్చిన పదకొండు మందిలో పని చేసింది నలుగురు. ఈసారి పని చేసేవాళ్లే పేర్లు ఇవ్వండి.

లెక్కలు: ఆడిట్ అయ్యాయి, ట్రెజరర్ గారి స్టేట్‌మెంట్ నోటీసుతో పాటు జతచేశాం, నిరుటితో పోలిస్తే జెరాక్సులకు, ప్రయాణాలకు ఎక్కువ అయ్యింది, చందా బకాయిలు అలాగే ఉన్నాయి. సందేహాలుంటే సమావేశంలో అడగండి.

రెండో బిల్లుల రోజు ఈ వానాకాలంలోపే పెడుతున్నాం. మొదటిసారి రానివాళ్లు ఏప్రిల్ నుంచి మార్చి దాకా కరెంటు, డీజిల్, గ్యాస్ బిల్లుల జెరాక్సులు కవర్లో పెట్టి, పైన షెడ్డు నంబరు రాసి వాచ్‌మన్‌కు ఇవ్వండి. వైర్ రాడ్, అల్యూమినియం కొనేవాళ్లు మిల్లు పేరున్న ఇన్‌వాయిస్ కాపీ కూడా పెట్టండి. సబ్బునీళ్ల బాటిళ్లు ఆఫీసులోనే ఉన్నాయి, ఎవరైనా తీసుకెళ్లొచ్చు, తిరిగి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి
బాలానగర్, హైదరాబాద్