మా ఇంట్లో ఫ్యాన్ గొడవ తీర్చిన అక్కకి

కిందటేడు మే నెలాఖరులో మా ఇంట్లో అత్తాకోడళ్ల యుద్ధం నడిచింది, ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర. నేను ఐదులో పెట్టేదాన్ని. అత్తయ్య లేచొచ్చి ఒకటికి తిప్పేవారు. అమలాపురంలో రోహిణీ కార్తె ఉక్క ఎలా ఉంటుందో తెలిసిందే కదా, ఆ ఉక్కలో ఆవిడ దుప్పటి కప్పుకుని కూర్చునేవారు. నేనేమో రాత్రి రెండింటికి లేచి స్నానం చేసేదాన్ని. మా ఇద్దరి మధ్యా పడలేక మా ఆయన మంచం వరండాలోకి మార్చేసుకున్నారు.

అప్పటికి నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. తిండి మాత్రం రెండింతలు తినేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఏం డైటో చెప్పమని వెంటపడేవాళ్లు. నిజం చెప్పొద్దూ, నాకూ సంబరంగానే ఉండేది. గుండె దడ మొదలయ్యాక ఒక డాక్టర్ దగ్గరికి వెళ్తే టెన్షన్ అని నిద్రమాత్రలు రాసిచ్చారు. అత్తయ్య సంగతి వయసు ఖాతాలో వేసేశాం. గొంతు బొంగురుపోయింది, మొహం ఉబ్బింది, మలబద్ధకం, కూర్చున్నచోటే కునుకు. అరవై ఎనిమిదేళ్లొచ్చాక ఇంతేలే అనుకున్నాం.

మా పక్కింటి అక్క ఏఎన్ఎం. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ మా అరుగు మీద కూలబడి మజ్జిగ అడిగింది. నేను తెస్తుంటే పళ్లెంలో గ్లాసు టకటకలాడింది. అక్క గ్లాసు పక్కన పెట్టి "చేతులు చాపమ్మా" అంది. నా వేళ్ల మీద ఒక కాగితం పరిచింది. అది రావాకులా అల్లాడింది. నాడి పట్టుకుని లెక్కపెడితే నిమిషానికి 118. ఫ్యాన్ గొడవ చెప్తే నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. "పిన్నిగారికీ నీకూ రేప్పొద్దున్నే టీఎస్‌హెచ్ చేయించండి" అంది. అక్కా, ఆ ఒక్క మాటకి నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

రిపోర్టుల్లో నాది 0.01 కన్నా తక్కువ, అత్తయ్యది 62. టీఎస్‌హెచ్ అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి మెడలో ఉన్న థైరాయిడ్‌కి "పనిచెయ్యి" అని పంపే కబురట. థైరాయిడ్ మందగిస్తే కబురు మీద కబురు వెళ్తుంది, అంకె పెరుగుతుంది. అది మితిమీరి పనిచేస్తే కబురే ఆగిపోతుంది. కాకినాడలో డాక్టరుగారు ఇలా చెప్పగానే అత్తయ్య "ఎన్నిసార్లు చెప్పినా వినదన్నమాట, అచ్చం మా అబ్బాయే" అన్నారు. నాకు యాంటీబాడీ పరీక్ష చేయించి, థైరాయిడ్‌ని మితిమీరి పనిచేయించే గ్రేవ్స్ వ్యాధి అన్నారు. ఇంగ్లిష్ మీడియం చదివే మా పాప మొహం మాడిపోయింది. సమాధులు కాదమ్మా, 1835లో దీని గురించి రాసిన రాబర్ట్ గ్రేవ్స్ అనే ఐర్లండ్ డాక్టరు పేరు అని ఆయనే సర్దిచెప్పారు. ఆ ఓపికకి కూడా కృతజ్ఞతలు.

నాకు కార్బిమజోల్, దడ తగ్గడానికి కొన్నాళ్లు ప్రొప్రనొలోల్. అత్తయ్యకి లెవోథైరాక్సిన్, వయసునీ గుండెనీ చూసి 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, ఆరు వారాలకి పరీక్ష చేసి పెంచారు.

మా వీధి మెడికల్ షాపు తమ్ముడికి విడిగా చెప్పుకోవాలి. మా ఆయన అత్తయ్య చీటీ ఒక్కటే పట్టుకెళ్లి "ఇద్దరిదీ థైరాయిడేగా, ఇద్దరికీ ఇవే ఇచ్చెయ్" అన్నారట. ఆ అబ్బాయి ఇవ్వలేదు. ఒకరిది హార్మోను తక్కువైతే పోసే మందు, ఇంకొకరిది ఎక్కువైతే తగ్గించే మందు అని చెప్పి, నా చీటీ తెప్పించుకుని, డబ్బాల మీద మార్కర్‌తో "అత్త", "కోడలు" అని రాసిచ్చాడు. అత్తయ్య కాల్షియం మాత్ర కూడా కలిపి మింగుతున్నారని తెలిసి, రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలని మందలించాడు.

కార్బిమజోల్ వాడేటప్పుడు జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే రక్తపరీక్షకి వెళ్లాలని డాక్టరుగారు ముందే గట్టిగా చెప్పారు. తెల్లకణాలు పడిపోయే ప్రమాదం అరుదే కానీ ఉందట. ఆగస్టులో ఒక రాత్రి నాకు రెండూ వచ్చాయి. అక్క వానలో ఆటో పిలుచుకొచ్చి నన్ను తీసుకెళ్లింది. కణాలు బాగానే ఉన్నాయి, మామూలు జలుబు. రిపోర్టు వచ్చేదాకా నా పక్కనే కూర్చుంది.

ఇప్పుడు ఫ్యాన్ మూడులో తిరుగుతోంది, మా ఆయన లోపలికొచ్చేశారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని గంటాగి కాఫీ తాగాలి కాబట్టి, ఐదింటి కాఫీ తప్పకూడదని అత్తయ్య నాలుగింటికే అలారం పెట్టుకుంటున్నారు. దానికి ఇల్లంతా లేస్తోంది. దీనికేమైనా మందుంటే చెప్పు అక్కా.