క్లోరిన్ ఆపవద్దు, క్లోరోఫాం లెక్క చెప్పండి

సంపాదకుల వారికి,

ఎండలు ముదిరితే చాలు, కుళాయి నీళ్లు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయని, క్లోరిన్ తగ్గించాలని కాలనీ సంఘాలు అడగడం మామూలైంది. దయచేసి ఎవరూ ఆ కోరిక కోరవద్దు. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. క్రిములు మనిషిని చంపడానికి కొన్ని రోజులు చాలు.

అయితే క్లోరిన్‌కు మరో ముఖం ఉంది. దాని గురించి మన పురపాలక సంఘాలు నోరు విప్పాలి. చెరువుల్లో, జలాశయాల్లో కుళ్లిన ఆకులు, నాచు, మురుగు వల్ల సేంద్రియ పదార్థం పేరుకుంటుంది. క్లోరిన్ దానితో కలిసినప్పుడు క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేన్లు పుడతాయి. రోటర్‌డాం నీటి సరఫరాలో ఈ సంగతిని యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త 1974లోనే బయటపెట్టారు. 1979లో అమెరికా వీటన్నిటికీ కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాముల హద్దు పెట్టింది, తర్వాత దాన్ని 80కి తగ్గించింది. ఏళ్ల తరబడి ఇవి ఎక్కువగా ఉన్న నీళ్లు తాగినవారిలో మూత్రాశయ క్యాన్సర్ ముప్పు పెరుగుతోందని పలు అధ్యయనాలు చెబుతున్నాయి.

మనకూ ప్రమాణం ఉంది. 2012 నాటి భారతీయ తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరులో క్లోరోఫాం 200, మరో ట్రైహాలోమీథేన్ అయిన బ్రోమోడైక్లోరోమీథేన్ 60 మైక్రోగ్రాములు దాటకూడదు. కానీ వీధిలో జరిగే పరీక్ష వేరు. లైన్‌మన్ చిన్న గాజు గొట్టంలో కుళాయి నీళ్లు పట్టి, ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి, పసుపు రంగు తేలితే క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉందని పుస్తకంలో రాసుకుంటారు. ఆ పరీక్ష చాలా అవసరం. కాకపోతే అందులో క్లోరోఫాం కనిపించదు. దాన్ని పట్టుకోవాలంటే ప్రయోగశాలలో గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం ఉండాలి.

ఈ సమస్యకు విరుగుడు క్లోరిన్ వేయక ముందే ఉంది. పటిక వేసి, మడ్డి తేర్చి, వడకట్టిన తర్వాతే ప్రధాన మోతాదు వేస్తే ట్రైహాలోమీథేన్లు బాగా తగ్గుతాయి. ముడి నీటిలోనే క్లోరిన్ కుమ్మరిస్తే పెరుగుతాయి. అన్నిటికన్నా ముందు జలాశయంలోకి మురుగు రాకుండా చూడాలి. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు చుట్టూ కట్టడాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో కాపలాగా ఉండేది. 2022లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. చుట్టూ కట్టడాలు పెరిగితే వాటి మురుగు ఎక్కడికి పోతుంది? ఆ మురుగునే మళ్లీ క్లోరిన్‌తో కడిగి మనకు తాగిస్తారా? ఈ ప్రశ్నకు పాలకులు జవాబు చెప్పి తీరాలి.

స్తోమత ఉన్నవారు కార్బన్ ఫిల్టరు ఉన్న యంత్రం కొనుక్కుంటారు. బిందెలతో వీధి కుళాయి దగ్గర నిలబడేవారికి ఆ వెసులుబాటు లేదు. కాబట్టి ప్రతి నగరపాలక సంస్థా మూడు నెలలకోసారి ట్రైహాలోమీథేన్ల ఫలితాలను వార్డు కార్యాలయం బోర్డు మీద అతికించాలి. ఎండాకాలంలో, తొలకరి వానలప్పుడు తప్పకుండా పరీక్షించాలి. నీళ్లు గొట్టాల్లో నిలిచే కొద్దీ ఇవి పెరుగుతాయి. అందుకే నమూనాను శుద్ధి కేంద్రం గేటు దగ్గర కాకుండా, లైను చివరన ఉన్న శివారు కాలనీ కుళాయి నుంచి తీయాలి.

– ఒక పాఠకురాలు, మెహదీపట్నం, హైదరాబాద్