వీసీ గారి చేతికి ముందు చట్టం ఇవ్వండి

సంపాదకులు గారికి,

మన వర్సిటీల్లో కొత్త వీసీ (ఉపకులపతి) పదవి చేపట్టే తీరు మారాలి, అందుకు అమెరికా పద్ధతి చూడాలి. అక్కడి విశ్వవిద్యాలయాల అధ్యక్ష పదవి మన పాఠకులకు కొత్తదేమీ కాదు. విశాఖలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చేసిన నీలి బెండపూడి 2022 నుంచి పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు. అయితే అక్కడ పనిలో చేరడం వేరు, పదవీ స్వీకారోత్సవం వేరు. మన వార్తల్లో ఈ రెండూ కలిసిపోతున్నాయి. హార్వర్డ్‌లో లారెన్స్ బాకౌ 2018 జూలై 1న చేరారు, ఉత్సవం అక్టోబరు 5న జరిగింది. క్లాడిన్ గే 2023 జూలై 1న చేరితే సెప్టెంబరు 29న, జోరువానలో జరిగింది. ఆ మూడు నెలల వ్యవధి ఊరికే పెట్టింది కాదు. సెలవులకు వెళ్లిన విద్యార్థులు తిరిగి రావాలి, ఇతర విద్యాసంస్థలకు ఆహ్వానాలు వెళ్లాలి, జవాబులు అందాలి, గౌన్ల కొలతలు చేరాలి.

ఆ ఉత్సవంలో జరిగే ఊరేగింపులో గమనించాల్సింది వరుస. ముందు విశ్వవిద్యాలయ అధికార దండం పట్టుకున్న సీనియర్ ఆచార్యులు నడుస్తారు, కొత్త అధ్యక్షులు అందరికన్నా చివర వస్తారు. మధ్యలో ఇతర సంస్థల ప్రతినిధులు నడిచేది స్థాపించిన సంవత్సరం ప్రకారం. హార్వర్డ్ 1636, యేల్ 1701, మద్రాసు 1857, ఉస్మానియా 1918, ఆంధ్ర 1926, ఇలా. వచ్చిన మనిషి హోదాతో పనిలేదు. నిన్నగాక మొన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసరైనా, పాత సంస్థ తరఫున వస్తే కొత్త సంస్థ అధ్యక్షుడికన్నా ముందు నడుస్తారు. అందుకే ఆహ్వానానికి జవాబు పంపే ఫారంలో స్థాపన సంవత్సరం అడుగుతారు. అది ఖాళీగా వదిలేస్తే వరుసలో ఎక్కడ నిలబెట్టాలో వాళ్లకు తెలియదు. మన వర్సిటీకి ఆహ్వానం వస్తే ఇక్కడి నుంచి టికెట్టు కొని ఎవరినీ పంపనక్కర్లేదు కూడా. ఆ దగ్గర్లో ఉంటున్న పూర్వ విద్యార్థిని ప్రతినిధిగా నియమిస్తూ రిజిస్ట్రార్ ఒక లేఖ ఇస్తే సరిపోతుంది. అమెరికాలో మన పూర్వ విద్యార్థులకు కొదవా?

అలా వెళ్లేవాళ్లు పొరబడేది గౌను దగ్గర. వేసుకోవాల్సింది తమకు డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం గౌను, తాము ప్రాతినిధ్యం వహిస్తున్న సంస్థది కాదు. అమెరికా పద్ధతిలో డాక్టరేటు గౌను చేతులకు మూడేసి వెల్వెట్ పట్టీలుంటాయి. వీపు మీద వేలాడే హుడ్ పొడవు డాక్టరేటుకు నాలుగడుగులు, మాస్టర్స్‌కు మూడున్నర. హుడ్ లోపలి పట్టు డిగ్రీ ఇచ్చిన సంస్థ రంగుల్లో ఉంటుంది, అంచు వెల్వెట్ చదివిన శాస్త్రం రంగులో: ఇంజినీరింగుకు నారింజ, వైద్యానికి ఆకుపచ్చ, న్యాయశాస్త్రానికి ఊదా, సైన్సుకు బంగారు పసుపు. లోపలి పట్టు వీపు మీద కనిపించేలా మడత తిప్పకపోతే వెనకనుంచి ఉత్త నల్లగుడ్డే కనిపిస్తుంది. హుడ్ ముందువైపు చిన్న దారపు ముడి ఉంటుంది. దాన్ని చొక్కా గుండీకి తగిలించకపోతే బరువుకి హుడ్ వెనక్కి జారి మెడను పట్టేస్తుంది. చీర కట్టుకున్నవాళ్లకు పిన్నీసే దిక్కు.

వేదిక మీద అసలు ఘట్టం పది నిమిషాలు కూడా పట్టదు. ధర్మకర్తల మండలి అధ్యక్షులు కొత్తవారి మెడలో పదవీ హారం వేస్తారు. చాలాచోట్ల ఆ గొలుసు బిళ్లల మీద పాత అధ్యక్షుల పేర్లు చెక్కి ఉంటాయి. హార్వర్డ్‌లోనైతే వెండి తాళపుచెవులు, ముద్రలు, 1650 నాటి చార్టర్ అందిస్తారు. తర్వాత ప్రసంగం. సంస్థను ఏ పత్రం ప్రకారం నడపాలో ఆ పత్రాన్నే అందరి ముందూ చేతిలో పెట్టడం, అంతే ఇందులోని కీలకం.

ఇక మన దగ్గర చూడండి. పాలకమండలి, యూజీసీ, ప్రభుత్వ ప్రతినిధులు ముగ్గురూ సెర్చ్ కమిటీలో కూర్చుని పేర్లు ఇస్తారు. కులపతి (గవర్నర్) ఉత్తర్వు వస్తుంది. వీసీ చాంబర్‌లో సంతకం, ఫొటో, ఆపై బొకేలు, శాలువాలు. నిమిషానికొకరు చొప్పున లెక్కేసినా అరవై మందికి గంట. మూడేళ్ల పదవిలో మొదటి రోజు అలా గడిచిపోతుంది. విద్యార్థులు కారిడార్లో కూడా ఉండరు. తెలంగాణలోనైతే 2024 మేలో పది వర్సిటీల వీసీల గడువు ముగిశాక అక్టోబరు దాకా ఇన్‌చార్జులుగా ఐఏఎస్ అధికారులే ఉన్నారు. అప్పుడు బొకే ఇద్దామన్నా అందుకునే వీసీ లేరు.

సంతకం ఆ రోజే కానివ్వండి, పని ఆగకూడదు. నెలలోపు ఒక సాయంత్రం స్నాతకోత్సవ మందిరంలో గంటన్నర సభ పెట్టండి. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల చట్టం, 1991 ప్రతిని పాలకమండలి తరఫున అత్యంత సీనియర్ ఆచార్యులు వీసీకి అందించాలి. విద్యార్థి ఒకరు, బోధనేతర ఉద్యోగి ఒకరు మూడేసి నిమిషాలు మాట్లాడాలి. వీసీ మూడేళ్లలో ఏం చేస్తారో చెప్పి, ఆ కాగితం వెబ్‌సైట్‌లో పెట్టాలి. శాలువాలు వద్దని ఆహ్వాన పత్రం మీదే అచ్చువేయండి. గౌన్లు కావాలంటే మంగళగిరి, పోచంపల్లి చేనేత ఉంది. స్నాతకోత్సవాలకు చేనేత వాడమని యూజీసీ ఎప్పుడో సూచించింది.

ఊరేగింపు పెడితే ఒక లెక్క గుర్తుంచుకోండి. వంద మంది జంటలుగా నడిస్తే యాభై వరుసలు. వరుసకూ వరుసకూ ఐదడుగుల ఎడం ఉంచితే సుమారు 250 అడుగుల బారు. మొదటివాళ్లు వేదిక మెట్లెక్కుతుంటే చివరివాళ్లు ఇంకా బయట వరండాలోనే ఉంటారు. నాదస్వరం ముందే ఆపేస్తే వెనకున్నవాళ్లు నిశ్శబ్దంలో చెప్పుల చప్పుడుతో నడవాల్సి వస్తుంది. కుర్చీల మీద పేర్లు అంటించకపోతే ఆలస్యం అక్కడే. ముందు రోజు ఒక్కసారైనా నడిపించి చూడాలి, గౌన్లతోనే.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2026తో నూరేళ్లు. ఇలాంటి సభ అక్కడ మొదలుపెడితే మిగతావాళ్లు చూసి నేర్చుకుంటారు.

ఇట్లు,
విశ్వవిద్యాలయ విశ్రాంత ఉద్యోగి,
విశాఖపట్నం