నయోబియం హాఫ్ సెల్స్ యాసిడ్ పని: గడువు, ధరలపై కస్టమర్లకు తెలియజేయునది

పార్టికల్ యాక్సిలరేటర్లకు కావలసిన నయోబియం హాఫ్ సెల్స్‌ను (రెండేసి కలిపి వెల్డ్ చేస్తే కావిటీ, అంటే కణాలకు వేగం పెంచే బోలు గది, తయారయ్యే గిన్నెలను) మా వద్ద చేయించుకుంటున్న సంస్థలకు నమస్కారం. వచ్చే లాటు నుంచి యాసిడ్ పని (ఆమ్లంలో ముంచి పైపొరను తీయడం) గడువు రెండు వారాల నుంచి మూడు వారాలకు పెరుగుతుంది, ధర కూడా కొంత పెరుగుతుంది. కడగడానికి అంత సమయం ఎందుకని కొందరు అడిగారు. అడగదగిన ప్రశ్నే.

మీరు పంపే 2.8 మిల్లీమీటర్ల షీటు ప్రెస్సులో డై మీద గిన్నెలా చక్కగానే ఒదుగుతుంది. లేత్ మీదకు వచ్చేసరికి మాత్రం ఆ మెత్తటి లోహం టూలుకు అంటుకుంటుంది, పైపొర చిరుగుతుంది, ఇనుప రజను కూడా అందులో దిగబడుతుంది. 2 కెల్విన్ల (సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్) వద్ద కావిటీ పనిచేసేటప్పుడు విద్యుత్తు పారేది లోపలి ముఖాన మైక్రానులో పదో వంతు కూడా లేని పొరలోనే కాబట్టి, అక్కడ ఒక్క రేణువు మిగిలినా అది వేడెక్కి చుట్టూ ఉన్న లోహపు అతివాహకత్వాన్ని (దాదాపు నిరోధం లేకుండా విద్యుత్తు పారనిచ్చే గుణాన్ని) పోగొట్టగలదు.

ఆ పైపొరను తీయడానికి హైడ్రోఫ్లోరిక్, నైట్రిక్, ఫాస్ఫోరిక్ ఆమ్లాలను 1:1:2 పాళ్లలో కలిపి వాడతాం. నైట్రిక్ లోహాన్ని ఆక్సైడు చేస్తే హైడ్రోఫ్లోరిక్ దానిని కరిగిస్తుంది, ఫాస్ఫోరిక్ ఆ వేగానికి కళ్లెం వేస్తుంది. ఈ చర్యలో వేడి దానంతటదే పుడుతుంది. తొట్టి 15 డిగ్రీలు దాటితే లోహంలోకి హైడ్రోజన్ ఎక్కువగా చేరి, కావిటీని నెమ్మదిగా చల్లబరిచినప్పుడు హైడ్రైడుగా పేరుకుని నష్టాలు పెంచుతుంది. చర్లపల్లి ఎండలకు చిల్లర్ ఎంత పనిచేసినా, ఒకేసారి ఎక్కువ ముక్కలు ముంచితే ఆ హద్దు నిలవదు. అందుకే ఇకపై విడతకు తక్కువ ముక్కలే ముంచుతాం. రాత్రి షిఫ్టులో ఈ పని పెట్టం. హైడ్రోఫ్లోరిక్ ఒంటిపై పడితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా ఉంచుకుని చేయాల్సిన పనిని నిద్రమత్తులో ఉన్నవారికి అప్పగించడం మాకు ఇష్టం లేదు. పెరిగిన ధరలో ఎక్కువ భాగం వాడేసిన ఆమ్లాన్ని నిబంధనల ప్రకారం వదిలించుకోవడానికయ్యే ఖర్చే.

వెల్డింగ్ పూర్తయిన కావిటీకి చివరి ఎలక్ట్రోపాలిషింగ్ (విద్యుత్తుతో నునుపు చేయడం), 100 బార్ల పీడనంతో అతిశుద్ధ జలంతో కడగడం కూడా మమ్మల్నే చేయమని ఇంకొందరు కోరారు. ఆ పని మేము తీసుకోవడం లేదు. దానికి 800 డిగ్రీల వాక్యూమ్ ఫర్నేసు, ఐఎస్‌ఓ 4 తరగతి క్లీన్ రూమ్ (గాలిలో ధూళి దాదాపు లేని గది) ఉండాలి. హాంబర్గ్‌లోని ఎక్స్-రే లేజర్ కేంద్రం యూరోపియన్ ఎక్స్‌ఫెల్‌కు 800 కావిటీలు చేసిన రెండు యూరప్ కంపెనీలు ఆ వసతులన్నీ తమ వద్దే ఏర్పాటు చేసుకున్నాయి, అంత పెద్ద ఆర్డరు వారి వెనుక ఉంది. ఏడాదికి కొద్ది కావిటీల కోసం అరకొర క్లీన్ రూమ్ కట్టి డబ్బు తీసుకోవడం కన్నా, ఆ పనిని మీ ప్రయోగశాలలకే వదిలేయడం న్యాయమని మా అభిప్రాయం.

ఇప్పటికే ఒప్పుకున్న ఆర్డర్లకు పాత ధరే వర్తిస్తుంది. షీట్లతో పాటు ఎడ్డీ కరెంట్ స్కాన్ (షీటులోని లోపాలను విద్యుత్ ప్రవాహంతో కనిపెట్టే పరీక్ష) రిపోర్టు కూడా పంపితే, డై మీదకు ఎక్కించక ముందే ఏ ముఖం లోపలికి రావాలో నిర్ణయించి గుర్తు పెట్టగలం.