‘సహకరించలేదు’ అని రాసేస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం సందర్భంగా మార్చి 21న మీరు వేసిన ప్రత్యేక పేజీ చదివి ఇన్నాళ్లయినా కోపం తగ్గక రాస్తున్నాను. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోము ఎక్కువగా ఉండే స్థితి) ఉన్న పిల్లలు మొండివాళ్లని, పిలిస్తే పలకరని అందులో ఒక పెద్దమనిషి సెలవిచ్చారు. అసలు వినపడుతోందా అని అడగాలన్న ఆలోచన ఆయనకూ రాలేదు, రాసుకున్న విలేకరికీ రాలేదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో నూటికి 75 మంది దాకా ఎంతో కొంత వినికిడి లోపం ఉండవచ్చన్నది వైద్యులకు కొత్త సంగతేమీ కాదు. చెవి రంధ్రం సన్నగా ఉండి గులిమితో పూడుకుపోతుంది. ముక్కు వెనక నుంచి మధ్యచెవికి గాలి చేర్చే నాళమూ ఇరుకే కాబట్టి కర్ణభేరి వెనక జిగురులాంటి ద్రవం నిలుస్తుంది. ఈ వారం విన్న పిల్లవాడికి వచ్చే వారం సగమే వినపడవచ్చు. దానికి మనం పెట్టిన పేరు మొండితనం!

పుట్టినప్పుడు చేసిన పరీక్షలో పాసయ్యాడు కదా అంటారు. ద్రవం ఆ తరువాత చేరితే? ఆరు నెలల వయసులో మళ్లీ పరీక్షించాలని, రెండు చెవులూ మామూలుగా వింటున్నాయని విడివిడిగా తేలేదాకా ఆరు నెలలకోసారి, ఆపైన ఏటా చూడాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ చెబుతోంది. ఇక్కడ ఒక్కసారి చూడడమే మహాభాగ్యం.

ఆ చూడడం కూడా ఎలాగని? హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడితే చెయ్యెత్తమంటారు. పిల్లవాడు వాటిని పీకేస్తాడు. అంతే, కాగితం మీద ‘సహకరించలేదు’ అని పడుతుంది. పన్నెండేళ్ల వాడైనా గ్రహింపు మూడేళ్ల పిల్లవాడిదైతే, మూడేళ్ల వాడికి చేసే పరీక్షే చేయాలి. శబ్దం వినపడినప్పుడల్లా డబ్బాలో ఒక బిళ్ల వేయించే ఆట పరీక్ష ఉంది. అంతకన్నా చిన్న గ్రహింపు ఉంటే, శబ్దం వచ్చిన వైపు తిరగగానే బొమ్మ వెలిగే పద్ధతి ఉంది. ఈ పిల్లల నుంచి స్పందన కాస్త ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేలోపే తరువాతి శబ్దానికి పోతే తప్పెవరిది? కర్ణభేరి కదలికను కొలిచే టింపనోమెట్రీకి పిల్లవాడి జవాబే అక్కర్లేదు. శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతోందో లేదో చూసే బేరా పరీక్ష నిద్రలోనే చేస్తారు.

అధికారుల సంగతి చెప్పనక్కర్లేదు. వినికిడి పరీక్షించే యంత్రం కొన్న రోజు అందరూ పక్కన నిలబడి ఫొటో దిగుతారు. దాన్ని నడిపే ఆడియాలజిస్టు పోస్టు మాత్రం ఖాళీ. వైకల్య ధ్రువపత్రంలో మేధో వైకల్యం అని ఒక గడి నింపాక, వినికిడి లోపం అనే పక్క గడి వైపు చూసే నాథుడు ఉండడు. ఇప్పుడు ఏ శాఖకు పోయినా ఇదే తంతు.

పెద్దవాళ్లను మరీ వదిలేశారు. డౌన్ సిండ్రోమ్‌లో వయసు మీద పడితే వచ్చే చెవుడు ముప్పైల్లోనే మొదలు కావచ్చు. డౌన్ సిండ్రోమ్ ఉన్న మా తమ్ముడు మాటలు తగ్గించి ఒక మూల కూర్చోవడం మొదలుపెడితే మతిమరుపు వ్యాధి అన్నారు. అది వీళ్లకు త్వరగా వచ్చే మాట నిజమే. అయినా చెవులు చూడకుండానే ఆ ముద్ర వేయడం ఏం వైద్యం? గులిమి తీయించి, వినికిడి యంత్రం పెట్టించాక మళ్లీ మాతో వాదించడం మొదలుపెట్టాడు.

‘సహకరించలేదు’ అని రాసేవారు ఏయే పద్ధతులు ప్రయత్నించారో, మళ్లీ ఏ తేదీన రమ్మన్నారో కూడా అదే కాగితం మీద రాయాలని ఆరోగ్యశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వవచ్చు. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

– ఒక పాఠకురాలు